తెలిసిందే, కానీ ఎప్పుడు?



2012 మధ్యలో ఇద్దరు మనుషులు హైదరాబాద్‌లో మోటార్‌సైకిల్ మీద దిల్‌సుఖ్‌నగర్, బేగంబజార్, ఆబిడ్స్ తిరిగి చూసి వెళ్లారు. పోలీసు భాషలో దీన్ని రెక్కీ అంటారు. ఆ ఏడాది ఆగస్టు 1న పుణెలో వరుస పేలుళ్లు జరిగాయి. ఆ కేసులో ఢిల్లీ పోలీసులు అక్టోబరులో కొందరిని పట్టుకున్నారు. వాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు. హైదరాబాద్ రెక్కీ సంగతి విచారణలో బయటపడిందని ఢిల్లీ పోలీసులే అప్పట్లో ప్రకటించారు. పత్రికల్లో వచ్చింది. చదివాం, పేజీ తిప్పేశాం.

నాలుగు నెలలు గడిచాయి. 2013 ఫిబ్రవరి 21, గురువారం. రాత్రి ఏడు గంటల వేళ దిల్‌సుఖ్‌నగర్‌లో నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. ఒకటి 107 బస్టాప్ దగ్గర, రెండోది ఏ-1 మిర్చి సెంటర్ ముందు. రెండూ సైకిళ్లకు కట్టినవే. తల్లి కడుపులో ఉన్న బిడ్డతో కలిపి 18 మంది చనిపోయారు. నూట ముప్పై మంది దాకా గాయపడ్డారు.

ఊరు ముందే తెలుసు. పేట తెలుసు. చేయబోయే ముఠా ఏదో కూడా తెలుసు. ఎప్పుడన్నది మాత్రం తెలియదు. పైగా రెక్కీ చేసినవాళ్లు అప్పటికే జైల్లో ఉన్నారు. మనిషి దొరికాక ముప్పు తప్పిందనుకోవడం ఎవరికైనా సహజం. బాంబులు పెట్టినవాళ్లు వేరు. మంగళూరు నుంచి వచ్చి, నగర శివార్లలోని అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, అక్కడి నుంచి పని కానిచ్చారని ఎన్ఐఏ దర్యాప్తులో తేలింది. మనుషులు మారారు గానీ, ముందు చూసిపెట్టుకున్న చోటు మారలేదు. 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది.

పేలుళ్లు జరిగిన రాత్రే అప్పటి కేంద్ర హోంమంత్రి సుశీల్ కుమార్ షిండే, ఇలాంటిదేదో జరగొచ్చని రెండు రోజుల కిందటే రాష్ట్రాలకు చెప్పామన్నారు. అవి మామూలుగా ఎప్పుడూ వచ్చే హెచ్చరికలేనని అప్పటి ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి జవాబిచ్చారు. జనానికి ఇది ఒకరి మీద ఒకరు నెట్టుకోవడంలాగే కనిపించింది. నా మటుకు ఇద్దరూ ఉన్నమాటే చెప్పారనిపిస్తుంది. చెప్పామన్నదీ నిజమే. దాన్ని పట్టుకుని ఏంచేయాలో తోచలేదన్నదీ నిజమే.

ఒక్కసారి స్టేషన్ హౌస్ ఆఫీసరు కుర్చీలో కూర్చుని చూడండి. తేదీ లేని అలర్ట్ ఒకటి వస్తుంది. సెలవులు రద్దు చేయాలి. కానిస్టేబుళ్లకు రెండు డ్యూటీలు వేయాలి. నాంపల్లి స్టేషన్ ముందు, ఎంజే మార్కెట్ దగ్గర, ఆదివారం పాత పుస్తకాలు పరిచే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద మఫ్టీలో మనుషుల్ని నిలబెట్టాలి. మొదటి రోజు కళ్లు చురుగ్గా ఉంటాయి. నాలుగో రోజుకు కాళ్లు పీకుతాయి. పదో రోజుకు బ్యాగు తెరిచి చూపించమనడం ఒట్టి తంతుగా మారుతుంది. ఈలోగా ఇంకో అలర్ట్ వస్తుంది, అందులోనూ తేదీ ఉండదు. అవతలివాడికి ఈ అలసట సంగతి బాగా తెలుసు. కాచుకుని కూర్చోవడం వాడికి దాదాపు ఉచితం. మనకు మాత్రం ప్రతి పూటకూ మనుషులు కావాలి, డబ్బు కావాలి.

ఇది మన పోలీసులకే ఉన్న కష్టం కాదు. 1973లో ఈజిప్టు పెద్దల ఆంతరంగికుడు అష్రఫ్ మర్వాన్ రహస్యంగా ఇజ్రాయెల్‌కు సమాచారం ఇచ్చేవాడు. ఆ ఏడాది వేసవికి ముందు యుద్ధం వస్తుందన్న హెచ్చరికలు వచ్చాయి. ఇజ్రాయెల్ బోలెడు ఖర్చుపెట్టి సైన్యాన్ని సిద్ధం చేసింది. యుద్ధం రాలేదు. దాంతో తర్వాతి హెచ్చరికల విలువ పడిపోయింది. అక్టోబరు 5 రాత్రి మర్వాన్ లండన్‌లో మొసాద్ అధిపతి ఝ్వీ జమీర్‌ని కలిసి, రేపే యుద్ధం, సూర్యాస్తమయం వేళ మొదలవుతుందన్నాడు. మర్నాడు యుద్ధం వచ్చింది, మధ్యాహ్నం రెండు గంటలకే. అంత పెద్ద వేగు, అంత కచ్చితమైన కబురు, నాలుగు గంటలు తప్పింది. ఆ నాలుగు గంటల్లో సూయజ్ కాలువ ఒడ్డున ఉన్న ఇజ్రాయెల్ సైనికులు చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మన పాతవాళ్లు ఈ సంగతి ఎరగనివాళ్లు కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజు పగటిని ఎనిమిది భాగాలు, రాత్రిని ఎనిమిది భాగాలు చేశాడు. పగటి ఐదో భాగంలో వేగులు తెచ్చిన గుట్టు వినాలి. రాత్రి మొదటి భాగంలో గూఢపురుషుల్ని స్వయంగా చూడాలి. తెల్లవారుజామున ఏడో భాగంలో ఆలోచన ముగించి వాళ్లను పనుల మీద పంపాలి. స్నానానికీ భోజనానికీ వేళ పెట్టినట్టే వేగుల మాట వినడానికీ వేళ పెట్టాడు. ఇంకో చోట, ముగ్గురు వేర్వేరు వేగులు ఒకే మాట చెప్తే నమ్మమన్నాడు. ఈ రెండు నియమాలకూ మధ్య పేచీ ఉంది చూడండి. మూడోవాడి కోసం ఆగితే వేళ మించిపోతుంది. ఆగకపోతే మొదటివాడి అబద్ధానికి బలైపోతాం. ఈ చిక్కు ఎవరూ విప్పలేదు, ఇప్పటికీ విప్పలేరు. ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు తెగించి నిర్ణయం తీసుకోవాల్సిందే.

అలా తీసుకున్న నిర్ణయం ఒకటి మన ఊళ్లోనే జరిగింది. ఆబిడ్స్ నుంచి బ్యాంక్ స్ట్రీట్ మీదుగా నడిస్తే కోఠి వస్తుంది. అక్కడ ఉమెన్స్ కాలేజీగా మనకు తెలిసిన భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. 1857 మే 11న ఢిల్లీ సిపాయిల చేతికి వచ్చింది. ఇక్కడ అదే నెలలో నాసిరుద్దౌలా చనిపోయి అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. కొత్త నిజాం పట్టాభిషేకం చూసుకుని రెసిడెంట్ డేవిడ్సన్ తిరిగొచ్చేసరికి గవర్నర్ జనరల్ దగ్గర్నుంచి ఢిల్లీ వార్త వచ్చి ఉంది. వెంటనే దివాన్ సాలార్‌జంగ్‌ని పిలిపించి చెప్పాడు. అప్పటికి సాలార్‌జంగ్‌కు ఇరవై ఎనిమిదేళ్లు. ఆయన తొణకలేదట. ఈ మాట మూడు రోజులుగా ఊళ్లో తిరుగుతోందని జవాబిచ్చాడని ఆనాటి ఇంగ్లీషు రచయితలే రాసుకున్నారు. అతిశయోక్తి కింద ఒక రోజు తీసేసినా, సర్కారు వార్త కన్నా బజారు మాటే ముందు నడిచింది.

మేలో అందిన ఆ కబురు తొందరగానే వచ్చింది గానీ, దానితో చేయగలిగిందేమీ లేదు. జూలైలో వచ్చింది వేరే రకం. జమేదార్ చీదాఖాన్‌ను పట్టుకుని రెసిడెంటుకు అప్పగించారన్న కోపంతో నగరం కుతకుతలాడుతోంది. జూలై 17, శుక్రవారం. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రొహిల్లాలు రెసిడెన్సీ మీదికి బయల్దేరారు. వాళ్లు గేటు చేరేలోపే సాలార్‌జంగ్ పంపిన హెచ్చరిక డేవిడ్సన్‌కు చేరింది. ఫిరంగులు సర్దుకోవడానికి వ్యవధి దొరికింది. దాడి చేసినవాళ్లు పుత్లీబౌలి వైపు గేటు ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే సాహుకార్ల ఇళ్లలోకి దూరి పొద్దుగుంకే వేళ నుంచి కాల్పులు జరిపారు. రాత్రంతా సాగింది. తెల్లారేసరికి చల్లారిపోయింది.

ఆ హెచ్చరిక కొన్ని గంటలు ఆలస్యమై ఉంటే హైదరాబాద్ ఎటు మొగ్గేదో ఊహించవచ్చు. నిజాం చేజారితే దక్షిణాది అంతా చేజారినట్టేనని అప్పట్లో కంపెనీ పెద్దలు వణికారు. సాలార్‌జంగ్ చేసింది రాజనీతా, ద్రోహమా అన్న వాదన ఇప్పటికీ మన ఊళ్లో తెగలేదు. తుర్రేబాజ్ ఖాన్‌ను వీరుడంటాం, ఆయన పేరు మీద కోఠిలో రోడ్డుంది. ఆయన్ని ఆపినవాడి వంశం పేరు మీద పెద్ద మ్యూజియం ఉంది. రెండూ మన ఊరివే. తుర్రేబాజ్ పట్టుబడ్డాడు, ద్వీపాంతర శిక్ష పడింది. 1859 జనవరిలో తప్పించుకున్నాడు. వారం తిరక్కుండానే తూప్రాన్ దగ్గర చంపేసి, శవాన్ని నగరంలో అందరూ చూసేలా వేలాడదీశారు.

ఇక్కడ చిన్న పక్కదారి. ఆబిడ్స్ అన్న పేరు ఆల్బర్ట్ అబిద్ అనే ఆయన నుంచి వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆంతరంగిక సేవకుడు. దొరవారి దుస్తులు, గడియారాలు, చెప్పులు అన్నీ ఆయన పర్యవేక్షణే. ఇక్కడ ఆయన పెట్టిన దుకాణం పేరే ఈ పేటకు మిగిలింది. 1891లో సిమ్లా నగల వ్యాపారి అలెగ్జాండర్ జాకబ్ నిజాంకు ఒక పెద్ద వజ్రం అమ్మబోయాడు. మధ్యవర్తి ఈ అబిదే. బేరం చెడి కలకత్తా కోర్టుకెక్కింది, జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఈ జాకబ్ బ్రిటిష్ వాళ్లకు గూఢచారి అని చాలామంది అనుమానం. కిప్లింగ్ రాసిన కిమ్ నవలలో లర్గన్ సాహెబ్ పాత్రకు మూలం ఇతనే అంటారు. ఆ లర్గన్ తన దగ్గరికొచ్చిన కుర్రవాడికి పళ్లెంలో రత్నాలు పోసి కాసేపు చూపించి, మూసేసి, ఏమేం ఉన్నాయో చెప్పమంటాడు. తక్కువ వ్యవధిలో ఎక్కువ చూడటం అనే ఆ శిక్షణను ప్రపంచంలో చాలా సంస్థలు తర్వాత నిజంగానే వాడుకున్నాయి. ఆబిడ్స్ పేరుకు, గూఢచర్యానికి ఈ మాత్రం చుట్టరికం ఉంది.

మళ్లీ దారిలోకి వద్దాం. ఎప్పుడు అన్న ప్రశ్నకు జవాబు దొరకడం ఇంత కష్టమైతే, దాడి చేసేవాళ్లకు మాత్రం అది ఎలా దొరుకుతోంది? చాలాసార్లు మనమే ఇస్తాం, మన అలవాట్ల ద్వారా.

1947 డిసెంబర్ 4. భారత ప్రభుత్వంతో నిజాం యథాతథ ఒప్పందం చేసుకుని అప్పటికి ఐదు రోజులే. ఏడో నిజాంకు సాయంత్రం కింగ్‌కోఠి నుంచి కారులో బయటికి వెళ్లే అలవాటుంది. ఊరందరికీ తెలిసిన వేళ, ఊరందరికీ తెలిసిన దారి. ఆర్యసమాజానికి చెందిన కుర్రవాళ్లు ముగ్గురు ఆ దారిలో కాపు కాశారు. నారాయణరావు పవార్ మొదట, జగదీశ్ ఆర్య, గండయ్య ఇంకాస్త ముందు. పవార్ బాంబు విసిరాడు. గురి తప్పింది, నిజాంకు ఏమీ కాలేదు. కారు ముందుకు పోకుండా వెనక్కి తిరిగి కింగ్‌కోఠిలోకి వెళ్లిపోయింది. ముందున్న ఇద్దరి దగ్గరికి రావాల్సిన కారు రానే లేదు. మొదటి బాంబును రోజువారీ వేళ తెచ్చిపెట్టింది. రెండో దాడిని, వేళ తప్పి వెనక్కి తిరగడం ఆపేసింది. పవార్‌కు మరణశిక్ష పడింది, తర్వాత తగ్గించారు, 1949లో విడుదలయ్యాడు.

నలభై ఐదేళ్ల తర్వాత ఇంకొకటి. నాంపల్లికీ బషీర్‌బాగ్‌కూ నడుమ లాల్‌బహదూర్ స్టేడియం, పాతవాళ్లు ఫతేమైదాన్ అంటారు. ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ అక్కడ జాగింగ్ చేసేవారు. 1989లో గ్రేహౌండ్స్ దళాన్ని నిర్మించింది ఆయనే. అడవిలో ఒకే బాటన రెండుసార్లు నడవొద్దు, ఒకే వేళకు కదలొద్దు అన్నది అలాంటి దళాలకు మొదటి పాఠం. 1993 జనవరి 27 సాయంత్రం ఆ స్టేడియంలోనే నక్సలైట్లు ఆయన్ని కాల్చి చంపారు. నగరం మధ్యలో, అసెంబ్లీకి కూతవేటు దూరంలో. అడవిలో ఎంత అప్రమత్తంగా ఉన్న మనిషికైనా ఊళ్లో ఒక గంట తనకోసం కావాలి కదా. ఆ గంటనే పట్టుకున్నారు. ఇందులో ఆయన తప్పు వెతకడం నాకు నచ్చదు. వేళ తప్పకుండా ఉండటం మనం పిల్లలకు నేర్పే మంచి అలవాటు. ఈ ఒక్క వృత్తిలో అది ప్రాణాంతకం.

2007 ఆగస్టు 25న గోకుల్ చాట్‌నూ లుంబినీ పార్కునూ బాంబులకు ఎంచుకున్నవాళ్లు ఒక మనిషి అలవాటు చూడలేదు, ఊరి అలవాటు చూశారు. శనివారం సాయంత్రం, చాట్ తినే వేళ, లేజర్ షో వేళ. నలభై మందికి పైగా పోయారు. అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి కింద పేలని బాంబు ఒకటి దొరికింది.

కాలాన్ని వెతుక్కోవడం ఒక ఎత్తు. కాలాన్ని కొనుక్కోవడం ఇంకో ఎత్తు. ఇందాక చెప్పిన యథాతథ ఒప్పందం గడువు ఏడాది. ఆ ఏడాదిని రెండు వైపులా వాడుకోవాలని చూశారు. నిజాం తరఫున ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ 1948లో కరాచీ నుంచి బీదరుకూ వరంగల్లుకూ రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. ఈయన సామాన్యుడు కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటిష్ గూఢచారి సంస్థ కోసం జర్మనీని ఆకాశం నుంచి దొంగచాటుగా ఫొటోలు తీసిన మనిషి. ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు ఎగరకూడదో ఆయనకు చెప్పనక్కర్లేదు. అయినా కొన్న కాలం చాలలేదు. గడువు నవంబరు దాకా ఉండగానే సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. రెండు రోజుల ముందే కరాచీలో జిన్నా చనిపోయాడు. సెప్టెంబరు 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు.

నిజాం దగ్గర అప్పటి ప్రధాని మీర్ లాయక్ అలీని బేగంపేటలో గృహనిర్బంధంలో పెట్టారు. 1950 మార్చి మొదట్లో ఆయన మాయమయ్యాడు. లోపల జబ్బుతో పడుకుని ఉన్నాడని ఇంట్లోవాళ్లు నమ్మించారు. కాపలావాళ్లు నమ్మారు. అసలు సంగతి తెలిసేసరికి ఆయన పాకిస్తాన్‌లో ఉన్నాడు. గోడలు దూకాల్సిన పని లేకపోయింది. ఆ కొద్ది రోజులు ఎవరూ తలుపు తీసి చూడకపోవడమే ఆయనకు కావలసింది.

ఇక చట్టం పెట్టిన గడువుల సంగతి. నిఘా అంటే ఎదుటివాడి కాలంలోకి చొరబడటం. దానికీ హద్దు ఉండాలని 1996 డిసెంబరులో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫోన్ వినాలంటే హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వు రెండు నెలలకు చెల్లిపోతుంది. పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు. 2007లో వచ్చిన 419ఎ నిబంధన దీన్నే 60 రోజులు, 180 రోజులు అంది. అత్యవసరమని ముందే వినడం మొదలుపెడితే మూడు పనిదినాల్లో పైవాళ్లకు చెప్పాలి, ఏడు పనిదినాల్లో ఆమోదం రావాలి. 2024 డిసెంబరులో నిబంధనలు కొత్తవి వచ్చాయి గానీ ఈ గడువులు మారలేదు.

ఇంకో గడువు కూడా ఉంది. ఆరు నెలలకోసారి ఆ రికార్డుల్ని నాశనం చేయాలి. మన మాటలు ఎవరి బీరువాలోనో శాశ్వతంగా పడి ఉండకూడదన్న మంచి ఉద్దేశమే. కానీ అన్యాయంగా విన్నారని రేపు ఎవరైనా కోర్టుకెక్కితే చూపించడానికి ఏమీ మిగలదు. ఫోన్ విన్నారన్న సంగతి ఆ మనిషికి ఎప్పటికీ ఎవరూ చెప్పరు కూడా. ఇది ఈ చట్టంలో పెద్ద లోపమని నా అభిప్రాయం. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు 2024 నుంచి నడుస్తోంది, నాంపల్లి కోర్టు మెట్లెక్కింది. తేలని కేసు గనుక ఎవరి తప్పొప్పుల గురించీ నేను మాట్లాడను. పోలీసుల ఆరోపణలో ఒక తేదీ మాత్రం గమనించండి. 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. హార్డ్ డిస్కుల ధ్వంసం మర్నాడు, 4వ తేదీ రాత్రి జరిగిందంటున్నారు. అది నిజమో కాదో కోర్టు తేలుస్తుంది. నిఘా రికార్డును ఎప్పుడు చెరిపారో ఏ ఉత్తర్వు మీద చెరిపారో నమోదు చేసే పుస్తకం, ఆ విభాగం చేతిలో కాకుండా ఒక న్యాయాధికారి చేతిలో ఉండాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఇంత చెప్పాక మీకో మాట. ఇంటెలిజెన్స్ వాళ్లకు ఊరు తెలిసి, పేట తెలిసి, వేళ తెలియక పోగొట్టుకున్న ప్రాణాల గురించి విన్నారు. ఆ వేళ ఒక్కోసారి మామూలు మనిషి కంటే ముందు ఎవరికీ కనిపించదు. నాంపల్లి స్టేషన్ ప్లాట్‌ఫాం మీద గానీ, ఆబిడ్స్ దుకాణాల ముందు గానీ, ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ జనంలో గానీ సొంతదారు లేని బ్యాగో, టిఫిన్ డబ్బానో, సైకిలో కనిపిస్తే ముట్టుకోవద్దు. ఎవరైనా చూసుకుంటారులే అని నడిచిపోవద్దు. దూరంగా జరిగి, పక్కవాళ్లనూ జరగమని చెప్పి, ఆ నిమిషంలోనే 112కు ఫోన్ చేయండి. రైల్లో అయితే 139.